కమ్యూనిటీ ట్యాంకులో చిన్న సిక్లిడ్‌ల పిల్లలు నిలబడాలంటే: విశాఖ నీళ్లకి, విశాఖ ఎండకి ఏది సరిపోతుంది?

సీతమ్మధార_3అడుగులు:
నమస్కారం అండీ. ట్యాంకు 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. ఇసుక, రాళ్లు పోగా 150 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. 12 లెమన్ టెట్రాలు, 6 కోరీలు (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్), 5 ప్లాటీలు, ఒక బ్రిసిల్‌నోస్ ప్లీకో (పాచి గీకి తినే చేప) ఉన్నాయి. మా దగ్గర మున్సిపల్ కుళాయి నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) 190, అపార్ట్‌మెంట్ బోరుది 580, బోరు పీహెచ్ 7.8. ఇదే ట్యాంకులో చిన్న సిక్లిడ్ (గుడ్లనీ పిల్లల్నీ కాపలా కాసే చేపల కుటుంబం) జంట ఒకటి పెట్టి పిల్లల్ని పెంచాలని ఉంది. రామ్, క్రిబెన్సిస్, అపిస్టోగ్రామా, ఈ మూడింట్లో ఏది? గుడ్లు పెడితే చాలదండీ, కనీసం 15, 20 పిల్లలు సెంటీమీటరు దాటాలి.

ఉక్కునగరం:
క్రిబ్ (క్రిబెన్సిస్) తీసుకోండి. నైజీరియా, కామెరూన్ ప్రాంతపు చేప. పీహెచ్ 6 నుంచి 7.5 దాకా, టీడీఎస్ 300 లోపు ఏ నీళ్లయినా గుడ్లు పొదుగుతాయి. మీ కుళాయి నీళ్లు అలాగే వాడొచ్చు, బోరు కలపకండి. క్లోరిన్ కోసం నీళ్లు బకెట్లలో ఎయిర్ పెట్టి ఒక రోజు ఉంచండి. అంత వ్యవధి లేకపోతే 100 లీటర్లకి ఒకటిన్నర గ్రాము హైపో (సోడియం థయోసల్ఫేట్) స్ఫటికాలు కరిగించి పోయండి. లీటరుకి 2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉన్నా అది సరిపోతుంది.

అంతకన్నా ముందు తేలాల్సింది పక్కచేపల సంగతి. ప్లీకోని తీసేయాలి, ఇందులో రాజీ లేదు. పగలు ఎంత బుద్ధిగా ఉన్నా రాత్రి చీకట్లో కుండలోకి దూరి గుడ్లు గీకేస్తుంది, తల్లికి కనపడదు. కోరీలకి ఇంకో చిక్కు. ఎవరి హద్దు ఏదో వాటికి అర్థం కాదు. క్రిబ్ తరిమితే నాలుగు అంగుళాలు జరిగి మళ్లీ అక్కడికే వస్తాయి, చివరికి కళ్లు, రెక్కలు పోగొట్టుకుంటాయి. ప్లాటీలు ఈదే పిల్లల్ని తింటాయి. లెమన్ టెట్రాలు గుంపు విడిచి పైకి వచ్చిన పిల్లనే పట్టుకుంటాయి, వాటిని ఉంచొచ్చు. అసలు పక్కచేపలు కొన్ని ఉండాలి కూడా. తరమడానికి ఎవరూ లేకపోతే జంట తమలో తామే కొట్టుకుంటుంది.

జంట దొరకడం ఎలాగంటే, 3 సెం.మీ. సైజు పిల్లలు ఆరు కొని కలిపి పెంచండి. వాటంతట అవి జంట కట్టాక మిగిలినవి తీసేయండి. దుకాణంలో ఒక మగ, ఒక ఆడ ఏరి తెస్తే చాలాసార్లు కుదరదు. ఆడది పొట్టిగా, గుండ్రంగా, కడుపు ముదురు గులాబీ రంగులో ఉంటుంది. మగదాని వీపు రెక్క, ఆసన రెక్క చివర్లు సూదిగా సాగి ఉంటాయి. ఆడది ఒళ్లు విల్లులా వంచి కడుపు చూపిస్తూ మగదాని ముందు వణుకుతుంటే జంట కుదిరినట్టే.

గూటికి రంగు వేయని మట్టి ముంత చాలు. 12 సెం.మీ. లోతు, మూతి 4 సెం.మీ. మూతి పెద్దదైతే ఆడది కాపలా కాయలేదు. పడుకోబెట్టి, మూతిని అద్దం వైపు కాక పక్క గోడ వైపు తిప్పి, సగం దాకా ఇసుకలో పూడ్చండి. మిగతా ఇసుక అవే తవ్వి మూతి దగ్గర గట్టు వేసుకుంటాయి. ట్యాంకుకి ఒక కొసన ముంత, మధ్యలో చెట్టు మొద్దు, దానికి కట్టిన జావా ఫెర్న్. ఈ కొస నుంచి ఆ కొస కనపడకూడదు. 3 అడుగుల ట్యాంకులో ఒక్క జంటే.

కైలాసగిరి:
ఉక్కునగరం గారు చెప్పిన ఏర్పాటుకి వంక పెట్టను. కానీ ఏప్రిల్ నుంచి జూన్ దాకా విశాఖలో ఏసీ లేని గదిలో ట్యాంకు 30, 31 డిగ్రీలకి పోతుంది. క్రిబ్‌కి 25 నుంచి 27 హాయి. ఆ మూడు నెలలు అవి ఊపిరి పీల్చుకుంటూ బతకడమే గానీ గుడ్ల మాట ఉండదు. రామ్ అలా కాదు. వెనిజువెలా, కొలంబియాల్లోని ఒరినోకో మైదానాల చేప, దానికి 28 నుంచి 30 డిగ్రీలే కావాలి. మన ఎండాకాలం దాని కాలం.

దానికి కావాల్సింది మెత్తటి నీళ్లు. టీడీఎస్ 120 దగ్గర, పీహెచ్ 6.5 దగ్గర ఉంచండి. ఇంట్లో ఆర్‌వో మిషను ఉంటే లెక్క సులువు. ఆర్‌వో నీళ్లు 30 టీడీఎస్ అనుకుంటే, 20 లీటర్ల బకెట్‌కి కుళాయి నీళ్లు 11 లీటర్లు, ఆర్‌వో 9 లీటర్లు. బోరుతో చేయాలంటే బోరు 3.3 లీటర్లే, మిగతాదంతా ఆర్‌వో. కొన్ని మిషన్లలో ఖనిజాలు తిరిగి కలిపే గొట్టం ఉంటుంది, కాబట్టి కుళాయి కింద మీటరు పెట్టి చూశాకే లెక్క వేయండి. ఉత్త ఆర్‌వో నీళ్లు మాత్రం పోయొద్దు. కార్బనేట్లు లేకపోతే పీహెచ్ ఒక్కసారిగా జారిపోతుంది. కేహెచ్ (కార్బనేట్ల కొలత) 1, 2 డిగ్రీలైనా మిగలాలి.

గట్టి నీళ్లలో రామ్ గుడ్లు పెట్టదని కాదు. పెడుతుంది, రెండో రోజుకి తెల్లబడిపోతాయి. జనం దాన్ని బూజు అంటారు. బూజు తర్వాత వస్తుంది, ముందు గుడ్డు ఫలించకుండా చస్తుంది.

పెందుర్తి_బోరు:
కైలాసగిరి గారి లెక్కకి ఒక హెచ్చరిక. అపార్ట్‌మెంట్లలో పైకప్పు మీద సాఫ్ట్‌నర్ పెడుతున్నారు. ఆ నీళ్లు సబ్బుకి నురగ బాగా వస్తాయి గానీ రామ్‌కి మెత్తటి నీళ్లు కావు. కాల్షియం తీసి దాని స్థానంలో సోడియం పెడుతుంది అది, టీడీఎస్ తగ్గదు. జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియంల కొలత) కిట్ సున్నా చూపిస్తుంది, టీడీఎస్ మీటరు 580 అనే చూపిస్తుంది. రెండూ కొలిచి చూడాలి.

బాదం ఆకుల గురించి కూడా. నగరంలో వీధి వీధికీ బాదం చెట్లే. చెట్టు మీదే పండి ఎర్రబడి రాలిన ఆకులు, మందు కొట్టని చోటివి, రద్దీ రోడ్డు దుమ్ము పట్టనివి ఏరుకోండి. కడిగి ఎండబెట్టి 40, 50 లీటర్లకి ఒక పెద్ద ఆకు వేయండి, మూడు వారాలకి మార్చండి. నీళ్లు టీ రంగుకి వస్తాయి, గుడ్లకి బూజు తగ్గుతుంది, ఆకు మీద పెరిగే సూక్ష్మజీవుల్ని పిల్లలు రోజంతా ఏరుకుని తింటాయి. కానీ బోరు నీళ్లలో ఎన్ని ఆకులు వేసినా పీహెచ్ దిగదు. కేహెచ్ పట్టి ఉంచుతుంది. ముందు ఆర్‌వో కలిపి కేహెచ్ దించాలి, ఆకు పని తర్వాత.

సీతమ్మధార_3అడుగులు:
చాలా ఉపయోగం అండీ. ప్లీకోని, ప్లాటీలని, కోరీలని వేరే ట్యాంకుకి మారుస్తాను. అపిస్టోగ్రామా గురించి ఎవరూ చెప్పలేదు. అందులో కాకటూయిడిస్ అనే రకం దుకాణాల్లో కనపడుతోంది, అడుగుతున్న ధర కూడా అందుబాటులోనే ఉంది. కొబ్బరి చిప్ప గూళ్లు పెడితే చాలా?

ఎంవీపీ_మొక్కలు:
గూళ్లు చాలు. చిప్పని సగానికి కోసి, పీచు గీకి, రెండు మూడు సార్లు నీళ్లు మార్చి ఉడకబెట్టి, అంచున 2.5 సెం.మీ. గాటు పెట్టి బోర్లించండి. ఒక మగదానికి రెండు మూడు ఆడవి, ఆడదానికొక చిప్ప, చిప్పకీ చిప్పకీ అడుగు దూరం. గుడ్లు చిప్ప లోపల పైకప్పుకి అంటిస్తుంది. అప్పటి నుంచి ఆడది నిమ్మపండు పసుపుకి మారి నల్ల మచ్చలు తేల్తాయి. కాపలా అంతా తల్లిదే. మగదాన్ని కూడా దగ్గరికి రానివ్వదు.

విశాఖలో ఇబ్బంది ఇంకో చోట ఉంది. అపిస్టోగ్రామా పిల్లలు మగవి అవుతాయా ఆడవి అవుతాయా అన్నది మొదటి నెల నీటి వేడిని బట్టి చాలావరకు తేలుతుంది. రోమర్, బైజెన్‌హెర్జ్ 1996లో ఈ జాతుల మీద వేసిన పత్రం ఈ సంగతే చెప్పింది. 23 డిగ్రీల్లో పెరిగితే ఆడవి ఎక్కువ, 29లో మగవి ఎక్కువ, 26 దగ్గర ఇంచుమించు సమం. మే నెలలో ఇక్కడ తీసిన పిల్లలు దాదాపు మొత్తం మగవే అయ్యి, పెద్దవయ్యాక ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి. అందుకని అపిస్టోకి నవంబరు నుంచి ఫిబ్రవరి. అప్పుడు ట్యాంకు 24, 26 మధ్య ఉంటుంది, హీటరుని 26కి పెట్టి వదిలేయండి. 150 లీటర్లకి 150 వాట్లు.

క్రిబ్‌కి వేడి కాదు, పీహెచ్ లెక్క. ఆమ్లం వైపు నీళ్లలో మగవి పెరుగుతాయి, 7 దగ్గర ఆడవి పెరుగుతాయి. మొత్తం ఒకే లింగం వస్తోందంటే జంట తప్పు కాదు, నీళ్లు చూసుకోవాలి.

నా ఓటు కూడా మొదటిసారికి క్రిబ్‌కే, అక్టోబరులో మొదలుపెట్టమనే. ఎండాకాలం కూడా ఏదో ఒకటి కావాలంటే అప్పుడు రామ్.

భీమిలి_ఉప్పునీరు:
బీచ్ దగ్గర ఇళ్ల బోర్లలో ఉప్పు తగులుతుంది. అక్కడి వాళ్లకి ఈ మూడూ కష్టమే. వాళ్లు మన దేశపు సిక్లిడ్‌నే చూడొచ్చు: ఆరెంజ్ క్రోమైడ్. దక్షిణాది తీరంలో ఉప్పూ మంచీ కలిసే నీళ్లలో ఉంటుంది, 8 సెం.మీ. మించదు, కేరళ వాళ్ల కరీమీన్‌కి చుట్టం. తల్లీ తండ్రీ ఇద్దరూ కాస్తాయి. పిల్లలు పెద్దవాటి ఒంటి మీద జిగురు గీకి తింటాయి, కాబట్టి ఈ చేపలో పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీస్తే మొదటి వారం నష్టం. దాన్ని చూసి "పిల్లలు తల్లిని కొరుకుతున్నాయి" అని బెదిరి తీసేయకండి.

ఇప్పుడు మేత. ఇక్కడే ఎక్కువ మంది ఓడిపోతారు. పొడి మేత నలిపి వేస్తే మొదటి వారంలో పిల్లలు దాన్ని మేతగా గుర్తించవు, కదిలేదే తింటాయి. ఆర్టీమియా (ఉప్పునీళ్లలో బతికే, రొయ్యలాంటి చిన్న ప్రాణి) గుడ్లు పొదగడం నేర్చుకోండి. భీమిలి, భోగాపురం తీరంలో రొయ్య హేచరీలు ఉండటం వల్ల ఆర్టీమియా గుడ్ల డబ్బాలు మన జిల్లాలో కొత్త కాదు. 425 గ్రాముల డబ్బా ఒకరికి చాలా ఎక్కువ, నలుగురు కలిసి పంచుకోండి. మన గాలి తేమ గుడ్లని పాడుచేస్తుంది. తెరిచిన మర్నాడే చిన్న సీసాల్లో గట్టిగా మూసి ఫ్రిజ్‌లో పెట్టకపోతే రెండు నెలలకి సగం పొదగవు.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి తలకిందులుగా నిలపండి. లీటరు నీళ్లు, 25 గ్రాముల కళ్లుప్పు, చిటికెడు వంట సోడా, అర టీస్పూను ఆర్టీమియా గుడ్లు. గాలి గొట్టం సీసా మూతి దాకా దించి గట్టిగా బుడగలు వదలండి. రాయి వద్దు, సన్న బుడగలకి గుడ్లు గోడకి అంటుకుంటాయి. లైటు దగ్గర పెట్టండి. 28 డిగ్రీల్లో 20 నుంచి 24 గంటలకి నారింజ రంగు మబ్బు కనపడుతుంది. గాలి ఆపి పది నిమిషాలు వదిలితే పెంకులు పైకి తేలతాయి, పొదగని గుడ్లు మూతిలో దిగుతాయి. పక్క నుంచి టార్చి వేస్తే పిల్లలన్నీ వెలుగు వైపు చేరతాయి. అక్కడి నుంచి సన్న గొట్టంతో సన్న బట్టలోకి లాగి, మంచి నీళ్లతో కడిగి వేయండి. పెంకులు కలిస్తే చేపపిల్లల పేగులు మూసుకుంటాయి, ఆ పది నిమిషాలు ఓపిక పట్టాలి.

సముద్రపు నీళ్లు వాడాలంటే రెండు పాళ్లు సముద్రం, ఒక పాలు మంచినీళ్లు. వానాకాలంలో గోస్తని కలిసే చోట పట్టకండి, అక్కడ ఉప్పు తగ్గిపోయి ఉంటుంది.

పొదిగిన కొద్ది గంటలకే ఆర్టీమియా పిల్ల తన పచ్చసొన తినేసి చప్పబడుతుంది. పొదిగిన పూటే వేయండి, మిగిలితే ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచొచ్చు. క్రిబ్ పిల్లలు ఈదిన మొదటి రోజే దీన్ని తింటాయి. రామ్ పిల్లల నోరు ఇంకా చిన్నది, మొదటి మూడు నాలుగు రోజులు ఇన్ఫ్యూజోరియా (నీళ్లలో పెరిగే సూక్ష్మజీవులు) కావాలి. అది అప్పటికప్పుడు తయారవదు. గుడ్లు పెట్టిన రోజే సీసాలో ట్యాంకు నీళ్లు, ఉడికిన క్యాబేజీ ఆకు ముక్క, కొంచెం జావా మాస్ వేసి కిటికీ దగ్గర పెడితే, పిల్లలు ఈదే వేళకి అందుతుంది. తెల్లగా మబ్బు పట్టి కంపు కొడితే ఇంకా పక్వం రాలేదు. నీళ్లు తేరి, వెలుగులో ధూళిలా కదిలేవి కనపడితే అప్పుడు చుక్కల సీసాతో వేయండి.

ఉక్కునగరం:
క్రిబ్‌కి గుడ్లు పెట్టాక ఏం జరుగుతుందో క్రమం చెబుతాను, సీతమ్మధార గారు కంగారు పడకుండా. ఆడది ముంతలోంచి బయటికి రావడం మానేస్తుంది, మేత వేసినప్పుడు మెరుపులా వచ్చి పోతుంది. మూడో రోజుకి గుడ్లు పగులుతాయి. పిల్లలు ముంత అడుగున పచ్చసొన సంచీతో కదులుతూ పడి ఉంటాయి. ఏడు, ఎనిమిదో రోజుకి తల్లి వెనక బూడిద రంగు మబ్బులా బయటికి వస్తాయి. ఈ వారంలో ముంత ఎత్తి చూడొద్దు, టార్చి వేయొద్దు. భయపడితే అవే తినేస్తాయి.

బయటికి వచ్చిన తర్వాత పగలు కంటే రాత్రి ప్రమాదం. సాయంత్రం కాగానే తల్లి పిల్లల్ని నోటితో ఏరి ముంతలోకి చేరుస్తుంది. ట్యాంకు లైటు టక్కున ఆర్పేస్తే సగం బయటే చెదిరిపోతాయి. గది లైటు ఉండగా ట్యాంకు లైటు ఆర్పి, పావుగంట తర్వాత గది లైటు తీయండి. రాత్రంతా గదిలో జీరో బల్బు ఉంచండి, ఆ మసక వెలుగు తల్లికి కాపలాకి చాలు. పవర్ ఫిల్టరు నోటికి స్పాంజ్ తొడగడం మర్చిపోకండి, పిల్లలు ఎక్కువగా పోయేది అందులోకే.

మేత రోజుకి నాలుగు సార్లు. సన్న గొట్టంతో సరిగ్గా పిల్లల మబ్బులోకే వదలండి. అంతకు ముందే అవతలి కొసన టెట్రాలకి మేత వేస్తే అవి ఇటు రావు.

ఇలా చేస్తే పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గరే పెంచొచ్చని నా అభిప్రాయం.

కైలాసగిరి:
ఇక్కడ ఒప్పుకోను. 12 టెట్రాలున్న ట్యాంకులో తల్లి ఎంత గట్టిదైనా రోజుకి కొన్ని పోతూనే ఉంటాయి. వారానికి మిగిలేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆయన 15, 20 అడిగారు. ఈదడం మొదలైన రెండు మూడు రోజులకి సగం పిల్లల్ని గాలి గొట్టంతో బకెట్‌లోకి లాగి వేరే పెట్టాల్సిందే. రాత్రి పడుకునే ముందు, గుంపుగా ఉన్నప్పుడు లాగితే సులువు.

వేరే ట్యాంకు 40 లీటర్లు చాలు, అడుగున ఇసుక వద్దు. ఒక స్పాంజ్ ఫిల్టరు, అది కొత్తది కాకూడదు. ఇవాళే కొని పెద్ద ట్యాంకులో ఒక మూల నాలుగు వారాలు నడపండి, అమ్మోనియాని శుద్ధి చేసే బ్యాక్టీరియా పట్టాక తీసి చిన్న ట్యాంకులో పెట్టండి. నీళ్లు కూడా పెద్ద ట్యాంకువే.

ఉక్కునగరం:
సగం తీయడం వరకు సరే. మొత్తం తీయొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. పిల్లలన్నీ ఒక్కసారి మాయమైతే క్రిబ్ ఆడది మగదాన్ని తరిమి తరిమి కొడుతుంది, 3 అడుగుల్లో దానికి పారిపోయే చోటు లేదు. కనీసం 20, 30 పిల్లలు తల్లి దగ్గర ఉంచండి.

రామ్‌కి ఈ మాట వర్తించదు. చాలా తరాలుగా ఫారాల్లో గుడ్లు తీసేసి పెంచిన చేప అది, కాపలా బుద్ధి చాలా జంటల్లో బలహీనపడింది. అక్కడ గుడ్లున్న రాయినే తీయడం మేలు. అదే ట్యాంకు నీళ్లు 3 లీటర్లు, 1 శాతం మిథిలీన్ బ్లూ లీటరుకి రెండు మూడు చుక్కలు, గుడ్లకి రెండు మూడు సెం.మీ. దూరంలో గాలి రాయి. బుడగలు గుడ్లకి తగలకూడదు, పక్కన నీళ్లు కదిలితే చాలు. తెల్లబడిన గుడ్డుని ఆ పూటే పిపెట్‌తో తీసేయండి. పగిలాక రోజూ సగం నీళ్లు మార్చి రంగు తగ్గించండి.

ఎంవీపీ_మొక్కలు:
పిల్లల ట్యాంకులో అంతరతామర నాలుగైదు మొక్కలు వేయండి. వేళ్ల నిండా చిన్న ప్రాణులు ఉంటాయి, అమ్మోనియా కూడా కొంత లాగుతుంది. మనకి ఇది ముఖ్యం, ఎందుకంటే వేడి, పీహెచ్ రెండూ పెరిగేకొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుంది. 30 డిగ్రీల్లో పీహెచ్ 7 నీళ్ల కంటే పీహెచ్ 8 నీళ్లలో విషపు భాగం తొమ్మిది, పది రెట్లు. బోరు నీళ్లతో పిల్లలు ఉన్నట్టుండి పోవడానికి చాలాసార్లు ఇదే కారణం. రోజూ పది శాతం నీళ్లు మార్చండి. కొత్త నీళ్లు అదే వేడిలో ఉండాలి, గాలి గొట్టంతో బొట్లు బొట్లుగా వదలండి. అడుగున మిగిలిన మేత ప్రతి సాయంత్రం లాగేయండి. ఆర్టీమియా మంచినీళ్లలో కొన్ని గంటలే బతుకుతుంది, చచ్చింది అక్కడే కుళ్లుతుంది.

ఎండాకాలం ఫ్యాను నీళ్ల మీదకి తిప్పితే వేడి కొంత దిగుతుంది. అయితే మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పొడి ఊళ్లలో దిగినంత దిగదు. ఆవిరైన నీళ్లకి బదులు ఆర్‌వో నీళ్లే పోయండి, కుళాయివి పోస్తే లవణాలు పేరుకుంటాయి.

పెందుర్తి_బోరు:
కరెంటు సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. తుఫానులు ఎక్కువగా వచ్చే నెలలు అక్టోబరు, నవంబరు. మీరు క్రిబ్ మొదలుపెట్టమంటున్న కాలం కూడా అదే. పవర్ బ్యాంకుతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి తప్పకుండా ఉంచుకోండి. స్పాంజ్ ఫిల్టరుకి అదే తగిలిస్తే గాలీ అందుతుంది, బ్యాక్టీరియా కూడా బతుకుతుంది. కరెంటు లేనంతసేపు పెద్దవాటికి మేత ఆపేయండి. పిల్లలకి ఒక పూట, అదీ తక్కువ. డబ్బా ఫిల్టరు గంటల తరబడి ఆగిపోతే లోపలి నీళ్లు కుళ్లుతాయి. కరెంటు రాగానే అలాగే వేయకుండా ముందు విప్పి, ట్యాంకు నీళ్లలో స్పాంజ్ కడిగి, అప్పుడు నడపండి.

సీతమ్మధార_3అడుగులు:
అందరికీ ధన్యవాదాలు అండీ. అక్టోబరులో క్రిబ్‌తో మొదలుపెడతాను, స్పాంజ్ ఫిల్టరు ఈ వారమే ట్యాంకులో వేస్తాను. రెండు సందేహాలు మిగిలాయి. ఇసుక ఇంకొంచెం కావాలి, బీచ్ ఇసుక బాగా కడిగి వాడొచ్చా? తల్లి దగ్గర ఉంచిన పిల్లల్ని ఎప్పుడు తీసేయాలి?

భీమిలి_ఉప్పునీరు:
బీచ్ ఇసుక వద్దు. ఉప్పు కడిగితే పోతుంది గానీ గవ్వల పొడి పోదు, అది కరుగుతూ నీళ్లని గట్టిపరుస్తూనే ఉంటుంది. నది ఇసుకే తెచ్చుకుని జల్లెడ పట్టి, ఒక చెంచాడు గిన్నెలో వేసి వెనిగర్ పోసి చూడండి. బుడగలు వస్తే అదీ పనికిరాదు.

ఉక్కునగరం:
నెల నాటికి పిల్లలు సెంటీమీటరు దగ్గరికి వస్తాయి. జంట మళ్లీ ముంత దగ్గర ఇసుక తవ్వడం, ఆడది కడుపు చూపించడం మొదలైందంటే పాత పిల్లల్ని తరమబోతున్నాయని లెక్క. ఆ రోజే గొట్టంతో లాగి కైలాసగిరి గారు చెప్పిన 40 లీటర్ల ట్యాంకులో కలిపేయండి. అక్కడున్నవి వీటికంటే మరీ పెద్దవైతే మధ్యలో వల అడ్డం పెట్టండి. అప్పటికి పొడి మేత కూడా తింటాయి, ఆర్టీమియా రోజుకి ఒకసారికి తగ్గించొచ్చు. 40 లీటర్లలో 30 పిల్లలు 2 సెం.మీ. దాకా సరిపోతాయి, ఆ తర్వాత పంచేయండి.